బుడమేరు వరదకు ఏడాది: బోట్లొచ్చాయి, లెక్క రాలేదు

సింగ్‌నగర్ శ్రీను | 30 ఆగస్టు 2025, రాత్రి 9:14

ఎల్లుండికి ఏడాది. విజయవాడలో మా మెట్ల గోడ మీద నీళ్ల గీత ఇంకా ఉంది. రెండుసార్లు సున్నం కొట్టించినా పైకి తేలుతోంది.

పోయినేడు సెప్టెంబరు 1, ఆదివారం. పొద్దున వీధిలో చీలమండ తడిసేటంత నీళ్లుంటే, కాఫీ తాగి వచ్చేలోపు బండి సీటు మునిగింది. మధ్యాహ్నానికి కింది వాటా పోయింది. నాన్న ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంది, ఫ్రిజ్ నీళ్లలో ఉంది.

బోట్లు రాలేదని నేననను. వచ్చాయి. మొదటి రెండు రోజులూ మెయిన్ రోడ్డు మీదే తిరిగాయి. మాది లోపల మూడో సందు. పైనుంచి డ్రోన్లతో, హెలికాప్టర్లతో పొట్లాలు వేశారు, నిజమే. కానీ ఒకసారి పడిన మేడ మీదే మళ్లీ మళ్లీ పడేవి. ఎదురింటి వాళ్లకు పులిహోర మిగిలిపోయి పాచిపోయింది, మేం బిస్కెట్లు లెక్కపెట్టుకు తిన్నాం.

మూడో రోజు మా సందులోకి మొదటి బోటు వచ్చింది. నడిపేవాళ్లకు తెలుగు రాదు. ముందు కూర్చున్నది మాకు గ్యాస్ బండలు వేసే కుర్రాడు. చెయ్యి చూపిస్తూ చెప్పుకుపోతున్నాడు: "ఆ పచ్చ గేటు ఇంట్లో తాతగారు మంచం మీద ఉంటారు. పక్క మేడ మీద బాలింత. ఇది వదిలెయ్, ఊరెళ్లారు." ఆ ఒక్క పూటలో మా సందు చాలావరకు ఖాళీ అయింది. వాడి బుర్రలో ఉన్న ఆ లెక్క ప్రభుత్వం దగ్గర ఎందుకు లేదు? ఏడాదిగా నన్ను తొలిచేస్తున్న ప్రశ్న ఇదే.

తర్వాత వచ్చిన లెక్క ఇంకో కథ. కింది అంతస్తుకు 25 వేలు, పై వాటాలకు 10 వేలు అని ప్రకటించారు. రాసుకోవడానికి వచ్చినవాళ్లు వేరే జిల్లా వాళ్లు. మా కింద అద్దెకున్న కుటుంబం బురద వాసన భరించలేక అత్తగారి ఊరెళ్లింది. తాళం చూసి "డోర్ లాక్" అని రాసుకుపోయారు. ఆ రెండు ముక్కలు చెరిపించడానికి ఐదు వారాలు పట్టింది.

ఏం మారిస్తే మళ్లీ ఇలా జరగదు? తెలిసినవాళ్లు చెప్పండి. పార్టీల గొడవ మాత్రం ఈ థ్రెడ్‌లోకి తేవద్దు, దండం పెడతా.

కాలవగట్టు ఇంజినీరు | 30 ఆగస్టు, రాత్రి 10:02

శ్రీను గారూ, ముందు నీళ్ల సంగతి తేలాలి. బుడమేరు మైలవరం వైపు కొండల నీళ్లు పట్టుకొచ్చి కొల్లేట్లో పోసే వాగు. బెజవాడను ముంచకుండా దాన్ని వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఆపి, డైవర్షన్ కాలవలోకి తిప్పి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుపుతారు. పోయినేడు ఆ కాలవ ఎడమ కట్టకు మూడు గండ్లు పడ్డాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది, బ్యారేజీ కట్టాక ఎన్నడూ చూడనంత వరద. కృష్ణ నిండుగా ఉంటే కాలవ నీళ్లను లోపలికి రానివ్వదు, వెనక్కి తంతుంది. గండ్లు పూడ్చడానికి చివరికి సైన్యం వచ్చి గాబియన్ బుట్టలు (రాళ్లు నింపిన ఇనుప వల బుట్టలు) దింపాల్సి వచ్చింది. మూడోది మూసుకునేసరికి సెప్టెంబరు 7.

మా రోజుల్లో కట్టను కనిపెట్టుకుని తిరిగే లస్కర్లు ఉండేవాళ్లు. చదువు పెద్దగా ఉండదు, జీతం అంతకన్నా ఉండదు. కానీ ఎండ్రకాయ బొరియ ఎక్కడ పడిందో, ఏ మలుపు దగ్గర కట్ట చెమ్మగిల్లుతోందో వాడికి తెలుసు. వానాకాలం ముందే ఇసుక బస్తాలు, సరుగుడు బాదులు ఫలానా మైలురాయి దగ్గర పేర్చి ఉండేవి. రిటైరైన లస్కరు స్థానంలో కొత్తవాణ్ని వేయడం మానేశాం. మీ గ్యాస్ కుర్రాడు సందుకు ఎలాగో, కట్టకు లస్కరు అలాగ.

హెచ్చరిక ఎలా ఇస్తున్నామో కూడా చూడండి. "రెగ్యులేటర్ నుంచి ఇన్ని వేల క్యూసెక్కులు వదులుతున్నాం, లోతట్టు ప్రాంతాల వారు అప్రమత్తంగా ఉండాలి" అని ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. మా ఆవిడే అడిగింది, మనది లోతట్టా కాదా అని. ముప్పై ఏళ్లు ఆ శాఖలో చేసినవాణ్ని, నాకూ వెంటనే చెప్పబుద్ధి కాలేదు. గేటు ఎత్తితే ఎన్ని గంటలకు ఏ వీధికి ఎంత లోతు వస్తుందో ముందే లెక్కగట్టి, "మీ వీధికి రాత్రి 2 గంటలకు నడుములోతు" అని చెప్పాలి. భద్రాచలంలో గోదావరికి 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలున్నాయి. 48 దాటిందంటే ఏ కాలనీ సామాను సర్దుకోవాలో అక్కడి చిన్నపిల్లాడికీ తెలుసు. 2022 జులైలో 71 అడుగులు దాటినా ఊరు ఖాళీ చేయించగలిగారంటే ఆ అలవాటు వల్లే.

బరంపురం రావు | 30 ఆగస్టు, రాత్రి 10:40

మాది ఒడిశా గంజాం జిల్లా. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. శ్రీను గారు అడిగిన లెక్క మా దగ్గర ఉంది కాబట్టి చెబుతున్నా.

1999 అక్టోబరులో మాకు రెండు దెబ్బలు. 17న గోపాల్‌పూర్ మీదికి ఒకటి, 29న జగత్సింగ్‌పూర్ వైపు సూపర్ సైక్లోన్. దాదాపు పది వేల మంది పోయారు. ఆ ఏడే రాష్ట్రం విపత్తులకు విడిగా ఒక సంస్థ పెట్టింది. దేశంలో 2005లో చట్టం రావడానికి ఆరేళ్ల ముందు మాట ఇది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మా నెత్తినే తీరం దాటింది. పది లక్షల మందికి పైగా ముందే కదిలించారు. చనిపోయినవాళ్లు 50 లోపే. (సరిగ్గా ఏడాదికి అదే తేదీన మీకు హుద్‌హుద్ వచ్చింది. ఆ తేదీ అంటే మా అత్తగారికి ఇప్పటికీ భయం.)

అందరూ షెల్టర్ల గురించే చెబుతారు. నేను చూసింది వేరు. మా పల్లెలో కమిటీ ఉంది. వాళ్ల రిజిస్టర్లో నెలలు నిండిన ఆడవాళ్లు, నడవలేనివాళ్లు, ఒంటరి ముసలివాళ్లు విడిగా రాసి ఉంటారు. ఎవర్ని ఎవరు మోసుకెళ్లాలో కూడా పేరు పక్కన పేరుంటుంది. ఫైలిన్‌కు మా పెద్దనాన్నను ఇద్దరు జాలరి కుర్రాళ్లు కుర్చీతో సహా ఎత్తుకుపోయారు. ఆయన రానని తిట్టిన తిట్లు ఇప్పటికీ ఊళ్లో చెప్పుకుని నవ్వుకుంటారు.

దివిసీమోడు | 30 ఆగస్టు, రాత్రి 11:21

రావుగారూ, ఒడిశా పేరు చెప్పి మమ్మల్ని మరీ తీసిపారెయ్యకండి. 1977 నవంబరు 19 ఉప్పెనకు మా వైపు ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి, పోయినవాళ్లు పదివేల పైమాటే. 1990 మేలో దాదాపు అంత తుపానూ మళ్లీ వచ్చింది. లక్షల మందిని ముందే లేపి తరలించారు, మృతులు వెయ్యి లోపు. రాడార్లూ సెల్‌ఫోన్లూ లేని రోజుల్లో, చట్టం లేని రోజుల్లో, జీపుకు మైకు కట్టుకుని తిరిగి సాధించింది అది. మనకు చేతకాక కాదు. తుపానుకు చేయడం నేర్చుకున్నాం. నగరం మధ్యలోకి వచ్చే వరదకు నేర్చుకోలేదు.

ఇక షెల్టరు. మా పక్క ఊళ్లో ప్రపంచ బ్యాంకు డబ్బుతో కట్టిన బ్రహ్మాండమైన తుపాను షెల్టర్ ఉంది. స్తంభాల మీద నిలబడి, ఎక్కడానికి ర్యాంపు కూడా ఉంటుంది. రెండేళ్ల కిందట వాయుగుండమంటే జనాన్ని తీసుకుపోతే తాళం. తాళంచెవి ఎవరి దగ్గర? ఉద్యోగి దగ్గర. ఉద్యోగి ఎక్కడ? బదిలీ మీద వెళ్తూ చెవి కూడా తీసుకుపోయాడు. ఒక పెద్దావిడ వానలో నిలబడి "నాయనా, ఇది తుపానుకు కట్టారా, తాళానికి కట్టారా" అంది. గునపంతో పగలగొట్టాం. లోపల పంచాయతీ వాళ్ల పాత ట్యూబులైట్లు, ఎవరిదో వరిగడ్డి.

బడి నడిపే షెల్టర్ అయితే చెవి టీచరు దగ్గరుంటుంది, నీళ్లొస్తాయి, కక్కసు వాడకంలో ఉంటుంది.

పాత తహసీల్దారు | 31 ఆగస్టు, ఉదయం 6:35

పొద్దున్నే వాకింగ్ మానేసి రాస్తున్నాను. తిట్లు తినే బల్ల అవతలి వైపు కూర్చున్నవాణ్ని కాబట్టి ఆ వైపు సంగతి కూడా వినండి.

వరద వచ్చిన రాత్రి తహసీల్దారు చేతిలో చిల్లిగవ్వ ఉండదు. టీఆర్-27 అనే ట్రెజరీ రూలు కింద ట్రెజరీ నుంచి అడ్వాన్సు డ్రా చేయాలి. ఆదివారం రాత్రి ట్రెజరీ ఏది? కిరాణా కొట్టువాడి కాళ్లు పట్టుకుని అరువు మీద బియ్యం, పప్పు తెస్తాం. రెండేళ్ల తర్వాత ఆడిట్ వాళ్లు వచ్చి టార్పాలిన్లు ఏ రేటుకు కొన్నావు, మూడు కొటేషన్లు ఏవి అంటారు. నడుములోతు నీళ్లలో మూడు కొటేషన్లు! నా తోటివాడొకడు రిటైరయ్యాక కూడా ఆ అడ్వాన్సుకు లెక్క చూపే డీసీ బిల్లుల కోసం తిరిగాడు. అందుకే తెలివైనవాడు పైనుంచి రాతపూర్వకంగా వచ్చేదాకా కదలడు. వాణ్ని తప్పుపట్టను నేను, వాణ్ని అలా తయారుచేసిన పద్ధతిని తప్పుపడతాను. జూన్ రాకముందే మండలానికి రేటు ఒప్పందాలు అయిపోవాలి. పడవలు ఎవరివి, జేసీబీలు ఎవరివి, వంటవాళ్లు ఎవరు, రోజుకెంత అన్నీ ముందే సంతకాలు కావాలి. రాత్రికి ఫోన్ చేస్తే చాలాలి.

డబ్బే లేదని మాత్రం అనుకోకండి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా రాష్ట్రాల విపత్తు నిధులకు 1,60,153 కోట్లు పెట్టింది. మన రాష్ట్రాలకు అందులో కేంద్రం వాటా 75 శాతం. అంతకుముందు అంతా తక్షణ సాయం చుట్టూనే తిరిగేది. ఈసారి విడగొట్టారు: సాయానికి 40, పునర్నిర్మాణానికి 30, సన్నద్ధతకు 10, ముప్పు తగ్గించే పనులకు 20 శాతం. పునర్నిర్మాణానికి విడిగా ఖాతా ఉందని నా సర్వీసు చివరి ఏడు దాకా నాకే ఎవరూ చెప్పలేదు. మండల స్థాయిలో ఆ పని ఎవరిదో ఏ జీవోలోనూ నేను చూడలేదు.

"డోర్ లాక్" గురించి. రెండు మూడు రోజుల్లో పూర్తి చేయమంటారు, టీముకు రెండొందల ఇళ్లిస్తారు, యాప్ పది నిమిషాలకోసారి తిరుగుతూ ఉంటుంది. తాళం కనబడితే వాడికి అదో విశ్రాంతి. తప్పే. కానీ అలాగే జరుగుతుంది.

సింగ్‌నగర్ శ్రీను | 31 ఆగస్టు, ఉదయం 7:50

సార్, మీరు రాసింది చదివాక కోపం సగం తగ్గింది. మిగతా సగం ఉంచుకుంటాను. అద్దెకున్నవాళ్ల సంగతి చెప్పండి. డబ్బు ఇంటాయనకా, ఉన్నవాళ్లకా అని మా దగ్గర కొట్టుకునేదాకా వచ్చింది.

పాత తహసీల్దారు | 31 ఆగస్టు, ఉదయం 8:10

సామాను ఎవరిదో సాయం వారిది. గోడ ఎవరిదో గోడకిచ్చేది వారిది. రూలు అంత సుబ్బరంగా ఉంది. అద్దె కాగితం లేకపోవడమే చిక్కు. కరెంటు బిల్లు ఇంటాయన పేరు, ఆధార్ సొంతూరి చిరునామా, రేషన్ కార్డు ఇంకెక్కడో. ఉన్న ఇంట్లో ఉన్నట్టు నిరూపించుకోలేనివాళ్లు బెజవాడలో సగం మంది ఉంటారేమో. గ్యాస్ కనెక్షన్ చిరునామా ఒక్కటే సరిగ్గా ఉంటుంది. మీ కుర్రాడే నయం అన్నమాట.

మున్నేరు టీచరమ్మ | 31 ఆగస్టు, ఉదయం 9:27

మాది ఖమ్మం. అదే ఆదివారం మాకు మున్నేరు వచ్చింది. ప్రకాశ్‌నగర్ బ్రిడ్జి మీద తొమ్మిది మంది పొద్దంతా ఇరుక్కుంటే, వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాకపాయె, చివరికి హర్యానా నుంచి పని చేసుకోనీకి వచ్చిన ఒక జేసీబీ డ్రైవర్ రాత్రిపూట వాగులోకి బండి దింపి తీసుకొచ్చిండు. అందరం చప్పట్లు కొట్టినం, నేను కూడా కొట్టిన. తర్వాత ఆలోచిస్తే సిగ్గనిపించింది. వాళ్ల అదృష్టం బాగుండి ఆయనకు ధైర్యముండె. ఆయన లేకపోతే మా ప్లాను ఏంది?

నేను చెప్పదలచుకున్నది పొలం గురించి. మా తమ్ముడు కౌలుకు చేస్తడు, ఆకేరు ఒడ్డుకు నాలుగెకరాలు. నీళ్లు తీసినంక పోయి చూస్తే వరి లేదు, మన్ను లేదు, మోకాలు మట్టం ఇసుక. మడి గట్లు కూడా కనబడలే, ఎవరి మడి ఏదో పక్కోళ్లు కాళ్లతోని కొలుచుకున్నరు. 2022 నుంచి 2026 దాక కేంద్రం పెట్టిన లెక్క ఏందంటే, 33 శాతం పైన పంట పోతేనే నష్టం. వానాధారమైతే హెక్టారుకు 8,500, నీళ్లున్న పొలానికి 17,000, తోటలకు 22,500, అది కూడా రెండు హెక్టార్ల దాకనే. ఇసుక మూడు అంగుళాలు దాటితే తీయడానికి 18,000. రెండు రాష్ట్రాలూ పోయినేడు వరికి ఎకరానికి 10 వేలు ప్రకటించినయి, సంతోషమే. గని మేం ట్రాక్టర్లు పెట్టి ఒక్క ఎకరంల ఇసుక తీయనీకి ఎంతయిందో చెప్తే నవ్వుతరు. పైసలేమో పట్టా ఉన్నాయన ఖాతాల పడ్డయి. ఆయన హైదరాబాదుల ఉంటడు. మంచోడే, సగం ఇచ్చిండు. సగం!

తెలంగాణ 2020ల కేంద్రం పంటల బీమా నుంచి బయటికొచ్చింది, పోయినేడు కూడా అది నడువలే. అందుకే ఉన్నదంతా ఈ సాయం మీదనే.

ఉద్దానం పిల్ల | 31 ఆగస్టు, ఉదయం 10:15

2018 అక్టోబరు 11, తిత్లీ తుపాను. పలాస దగ్గర తీరం దాటింది. మా నాన్న తోటలో కొబ్బరి చెట్లన్నీ ఒకే వైపుకి పడిపోయి ఉన్నాయి, దువ్వెనతో దువ్వినట్టు. జీడి, పనస మిగల్లేదు. పంట పోతే ఆర్నెల్లకి మళ్లీ వేస్తారండి. కొబ్బరి చెట్టు కాపుకి రావడానికి ఆరేడేళ్లు. నష్టపరిహారం వచ్చింది, కాదన్ను. ఆ డబ్బుతో నరికించి, దుంగలు తీయించి, మొక్కలు వేసేసరికి అయిపోయింది. మధ్యలో ఆరేడేళ్లు ఏం తినాలి? మా వీధిలో మగవాళ్లు సగం మంది చెన్నై, హైదరాబాదు, విశాఖ పోయారు, కొందరు ఇంక రాలేదు. మూడో ఏడు నాన్న ఒక ఆఫీసుకెళ్లి మొక్కలకి ఎరువు సాయం ఏమైనా ఉందా అని అడిగితే "ఏ తుపానండీ?" అన్నారట. ఆయన ఆ మాట ఇంటికొచ్చి చెప్పలేదు, పక్కింటాయన చెప్తే తెలిసింది.

ఇప్పుడిప్పుడే చెట్లు కాస్తున్నాయి. ఫైలు ఎప్పుడో మూసేశారు.

గోదారి గాలి | 31 ఆగస్టు, ఉదయం 10:31

ఏపీ ప్రభుత్వం పెట్టిన వలంటీర్లు ఉన్నప్పుడు 50 ఇళ్లకొకడు ఉండేవాడు. శ్రీను గారి గ్యాస్ కుర్రాడు చేసిన పని వాళ్ల పనే. తీసేశారు, అనుభవించండి.

రాజంపేట రఘు | 31 ఆగస్టు, ఉదయం 10:58

అన్నా, వాళ్లున్నప్పుడే మా చెయ్యేరు నదికి వరద వచ్చింది. 2021 నవంబరు 19. పైన పింఛా కట్ట తెగి, ఆ నీళ్లు అన్నమయ్య ప్రాజెక్టు మీదకి వచ్చినాయి. ఐదు గేట్లలో ఒకటి అంతకుముందు నుంచే పనిచేయడంల్యా. మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట. చెప్పేదానికి నోరు రాదు. ఇంటింటికీ మనిషున్నా, పైన గేటు లేవకపోతే ఆ మనిషి కూడా నీళ్లలోనే ఉంటాడు. మాకు మనిషీ కావాల, గేటూ కావాల. ఎవరు పెట్టినారు, ఎవరు తీసినారు అనేది ఎలక్షన్ల టైంలో మాట్లాడుకుందాం.

మోడరేటర్ | 31 ఆగస్టు, ఉదయం 11:40

పార్టీల పేర్లున్న తొమ్మిది కామెంట్లు తీసేశాను. మిగతావి బాగున్నాయి, కొనసాగించండి.

కామారెడ్డి కిరణ్ | 31 ఆగస్టు, మధ్యాహ్నం 12:22

మీరందరు ఏడాది కిందటిది మాట్లాడుతున్నరు, మాకు ఇది మొన్నటి ముచ్చట. బుధవారం వినాయక చవితి. మండపంల దేవుణ్ని కూసోబెట్టి ఇంటికొచ్చేవరకు వాన. మా జిల్లాల అర్గొండ దిక్కు ఒక్క రోజుల 40 సెంటీమీటర్లు దాటింది. 44 నంబరు హైవే తెగింది, రైళ్లు ఆగినయి. నిజాం కాలం నాటి పోచారం ప్రాజెక్టు మీదికెల్లి నీళ్లు దుంకుతుంటే రాత్రంతా ఎవ్వరికి నిద్ర లేదు. వందేండ్ల కట్ట నిలబడ్డది, పోయినేడు వేసిన మా కాలనీ రోడ్డు కొట్టుకపోయింది. ఇప్పుడు ఇంట్ల మోకాలు మట్టం బురద. రేపో ఎల్లుండో రాసుకోనీకి వస్తరంట. మేం ఏం చేయాలె? దయచేసి పనికొచ్చేది చెప్పుండ్రి.

సింగ్‌నగర్ శ్రీను | 31 ఆగస్టు, మధ్యాహ్నం 12:40

తమ్ముడూ, చర్చ తర్వాత. ముందు ఇది చదువు.

బురద కడగకముందే ఫోటోలు తియ్యి. తలుపు నంబరు కనబడాలి, నీళ్ల గీత పక్కన ఇంట్లోవాళ్లు ఎవరైనా నిలబడాలి. ఫ్రిజ్, మంచం, బియ్యం డ్రమ్ము విడివిడిగా. మేం శుభ్రంగా కడిగేసుకుని కూర్చున్నాం, వచ్చినవాళ్లు "ఇక్కడ పెద్దగా రాలేదే" అన్నారు!

బండి స్టార్ట్ చేయకు. మునిగిన ఇంజిన్‌ని కీ తిప్పి పాడుచేస్తే మామూలు పాలసీలో పైసా రాదు. తోయించుకుని మెకానిక్ దగ్గరికి పంపు.

కరెంటు మెయిన్ ఆపే ఉంచు. గోడల్లో చెమ్మ ఆరేదాకా లైన్‌మన్ చూడకుండా వేయొద్దు. బురదలో చెప్పులు లేకుండా తిరగొద్దు, పాముల సంగతి నేను చెప్పక్కర్లేదు.

మున్నేరు టీచరమ్మ | 31 ఆగస్టు, మధ్యాహ్నం 12:58

తడిసిన సర్టిఫికెట్లు, పట్టా కాగితాలు ఎండల పెట్టకు బాబూ, ముడుచుకుపోయి ఇంకు లేస్తది. నీడకు, ఒక్కో కాగితం మధ్యల పాత పేపరు పెట్టి, ఫ్యాను గాలికి. అతుక్కున్నవి గుంజి విడదీయకు. మా బడి రిజిస్టర్లు అట్లనే దక్కించుకున్నం. సంపు తోడిచ్చి బ్లీచింగ్ వేసేదాక కాచిన నీళ్లే తాగుండ్రి.

పాత తహసీల్దారు | 31 ఆగస్టు, మధ్యాహ్నం 1:15

కిరణ్, ఇంకో రెండు మాటలు. వచ్చినవాళ్లు ట్యాబులో ఏం కొట్టారో ఆ తెరను ఫోటో తీసుకో, అడిగితే కాదనరు. జాబితా నోటీసు బోర్డు మీద పెడతారు, పెట్టకపోతే పెట్టమని అడుగు. పేరు లేకపోతే నోటిమాటగా చెప్పి రావద్దు, తెల్లకాగితం మీద రాసిచ్చి రెండో కాపీ మీద ముద్ర వేయించుకో. మాకు ముద్ర ఉన్న కాగితమంటేనే భయం. వీధిలో అందరూ కలిసి ఒకే అర్జీ కాకుండా ఇంటికొకటి ఇవ్వండి. కట్టగా ఇస్తే కట్టగానే పక్కన పెడతారు, అనుభవంతో చెబుతున్నా.

నల్లకోటు | 31 ఆగస్టు, సాయంత్రం 5:48

చట్టం వైపు నుంచి. 2005 నాటి విపత్తుల చట్టానికి ఈ ఏడు మార్చిలో సవరణ వచ్చింది, ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. మనకు పనికొచ్చేది ఒకటుంది: రాష్ట్ర రాజధానికీ, మునిసిపల్ కార్పొరేషన్ ఉన్న నగరాలకూ విడిగా పట్టణ విపత్తు అథారిటీ పెట్టుకోవచ్చు. కమిషనర్ ఛైర్మన్, కలెక్టర్ వైస్ ఛైర్మన్. ఇన్నాళ్లూ జిల్లాకొక్కటే అథారిటీ, నగరం అందులో ఒక మూల. బుడమేరు లాంటి దానికి ఇది సరిపోయే ఏర్పాటే. అయితే చట్టంలో ఉన్నది "పెట్టవచ్చు". పెట్టి తీరాలని లేదు. డబ్బు ఎక్కడి నుంచో కూడా స్పష్టంగా రాయలేదు.

పోగొట్టుకున్నదీ ఒకటుంది. పాత చట్టంలో 13వ సెక్షన్ కింద తీవ్రమైన విపత్తులో అప్పు తిరిగి కట్టడంలో వెసులుబాటు సిఫార్సు చేసే అధికారం జాతీయ అథారిటీకి ఉండేది. దాన్ని ఎత్తేశారు. కొండచరియలు విరిగిపడిన వయనాడ్ బాధితుల రుణాల మాఫీ మీద కేరళ హైకోర్టు అడిగితే, ఆ సెక్షనే ఇప్పుడు లేదని కేంద్రం చెప్పింది. మేడమ్ గారి తమ్ముడి ఇసుక పొలానికీ, ఉద్దానం తోటకూ కావాల్సింది అసలు అదే. తక్షణ సాయం కన్నా, మూడేళ్ల పాటు అప్పువాడు గుమ్మం ఎక్కకుండా ఉండటం.

ఇంటింటి లెక్క మీద నాకొక భయముంది. ఏ ఇంట్లో ఒంటరి ఆడమనిషి ఉంది, ఎవరు మంచం మీద ఉన్నారు అన్న జాబితా దొంగ చేతికి దొరికితే? ఫోన్ నంబర్లతో సహా వాట్సాప్‌లో తిరిగితే?

బరంపురం రావు | 31 ఆగస్టు, సాయంత్రం 6:30

నిజమే లాయరుగారూ. మా ఊరి రిజిస్టరు కాగితం మీదే ఉంటుంది, ఊరు దాటదు. పై ఆఫీసుకు వెళ్లేది సంఖ్యే: "ఈ వీధిలో నలుగుర్ని మోయాలి, ఒకరికి ఆక్సిజన్". పేర్లు వీధిలో ఉన్నవాడికి తెలిస్తే చాలు.

కాలవగట్టు ఇంజినీరు | 31 ఆగస్టు, సాయంత్రం 6:52

ఈ ఒక్క మాట కోసమే ఈ థ్రెడ్ ఎవరైనా ప్రింటు తీసి కమిషనర్ బల్ల మీద పెట్టాలి. కంప్యూటర్లో పెట్టమంటే రెండేళ్లు టెండరు, ఒక ఏడు యాప్, ఆ తర్వాత పాస్‌వర్డ్ మరిచిపోవడం.

దివిసీమోడు | 31 ఆగస్టు, రాత్రి 8:05

కాగితం మంచిదే, దాని బీరువా తాళంచెవి మాత్రం బదిలీ అయ్యేవాడి దగ్గర పెట్టకండి మహాప్రభో.

సింగ్‌నగర్ శ్రీను | 1 సెప్టెంబరు 2025, రాత్రి 9:30

ఇవాళ మా సందులో ఒక పని చేశాం. గ్యాస్ కుర్రాడు మధ్యాహ్నం బండి ఆపితే వాణ్ని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, రెండొందల పేజీల నోట్‌బుక్ ఒకటి తెరిచాం. వాడు చెప్పడం, మా అమ్మాయి రాయడం. 61 గుమ్మాలు. 14 చోట్ల ముసలివాళ్లు, ముగ్గురు లేవలేనివాళ్లు, డయాలసిస్‌కు వెళ్లే ఆయన ఒకరు. మా ఇంటికి నాలుగో గుమ్మంలో పైన రేకుల గదిలో ఒక పెద్దావిడ ఒక్కతే ఉంటుందట. పదకొండేళ్లుగా ఈ సందులో ఉన్నాను, నాకు తెలియదు. పోయినేడు ఆవిడ ఏం చేసిందని అడిగితే "ఆరో రోజు నేనే దింపాను సార్" అన్నాడు.

పక్కన పేరు రాసే గడి కూడా పెట్టాం, ఎవర్ని ఎవరు మోయాలో. ఆవిడ పక్కన నా పేరు రాయమన్నాను. మా అమ్మాయి నా నడుం నొప్పి గుర్తుచేసి, తన పేరు కూడా రాసుకుంది.

కామారెడ్డి కిరణ్ | 1 సెప్టెంబరు, రాత్రి 9:44

రాసుకోనీకి వచ్చిపోయిండ్రు అన్నా. తెర ఫోటో తీసిన. మా ఇంటి నంబరు తప్పు కొట్టిండ్రు, అక్కడనే దిద్దిచ్చిన. ఆ నోట్‌బుక్ ఎక్కడ పెట్టిండ్రు? కింద వాటాల అయితే మళ్ల తడుస్తది.

సింగ్‌నగర్ శ్రీను | 1 సెప్టెంబరు, రాత్రి 9:51

రెండో అంతస్తులో పిన్నిగారి వంటింట్లో, అటక మీద, ఆవకాయ జాడీ పక్కన. ఆ జాడీ జోలికి ఆవిడ ఎవర్నీ పోనివ్వదు.